ఎంఎస్ అయ్యాక చేతిలో ఉండేది 36 నెలలు: ఓపీటీ, స్టెమ్, హెచ్1బీ లెక్క విడమర్చి

మన ఇళ్ళల్లో అమెరికా లెక్క చాలావరకు ఇలాగే నడుస్తుంది. రెండేళ్ళు ఎంఎస్, అయిపోగానే జాబ్, జాబ్ వచ్చాక కంపెనీ వాళ్ళే హెచ్1బీ (అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వర్క్ వీసా) చేస్తారు, ఇంక లోన్ సంగతి రెండు మూడేళ్ళలో తేలిపోతుంది. అడ్మిషన్ చేసిపెట్టే కన్సల్టెన్సీ వాళ్ళూ ఇదే చెప్తారు, చుట్టాల్లో ఎవరో ఒకరికి పదేళ్ళ కింద అలాగే జరిగి ఉంటుంది కాబట్టి మనమూ నమ్మేస్తాం. కానీ అక్కడ చదువు ఒకటి, పని చేసుకునే పర్మిషన్ ఒకటి, ఆ దేశంలో ఉండటానికి స్టేటస్ ఇంకొకటి. మూడింటి గడువులూ వేరు, ఒకదాని కోసం ఇంకోటి ఆగదు. మంచి జీతం వస్తూ, టీమ్‌లో మంచి పేరున్నా హెచ్1బీ లాటరీ తగలక సామాన్లు సర్దుకున్నవాళ్ళు ఉన్నారు, అన్ని అర్హతలూ ఉండి ఒక్క తేదీ దాటిపోయి స్టేటస్ పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

2024-25 లో మన దేశం నుంచి అమెరికాలో 3,63,019 మంది స్టూడెంట్స్ ఉన్నారని, అక్కడి విదేశీ స్టూడెంట్స్ లెక్కలు ఏటా ఇచ్చే ఓపెన్ డోర్స్ రిపోర్టు చెప్పింది. ఓపీటీ (చదువు అయ్యాక కొంతకాలం పని చేసుకునే పర్మిషన్) మీద పని చేసేవాళ్ళని కూడా వాళ్ళు ఇందులోనే లెక్కేస్తారు, అలాంటివాళ్ళు 1,43,740 మంది. అంటే పదిమందిలో దాదాపు నలుగురు చదువు అయిపోయి, ఈ గడువుల మధ్యలో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నవాళ్ళే. అందుకే ఏ గడువు ఎప్పుడు మొదలవుతుంది, అందులో మీ చేతిలో ఉండేదెంత అన్నది కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఓపీటీ. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద చదివినవాళ్ళకి డిగ్రీ అయ్యాక తమ సబ్జెక్టుకి సంబంధించిన పని 12 నెలలు చేసుకునే అవకాశం ఉంటుంది. దీనికోసం కొత్త వీసా ఏమీ ఇవ్వరు, మీరు ఇంకా ఎఫ్1 లోనే, మీ యూనివర్సిటీ రికార్డు కిందే ఉంటారు, అందుకే కాన్వొకేషన్ ఫొటోలు దిగేసినా ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ స్టూడెంట్స్ రికార్డులు చూసే డీఎస్ఓతో పని తీరదు. మీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది, మొత్తం 36 నెలలు. 2016 కి ముందు ఈ పొడిగింపు 17 నెలలే ఉండేది.

స్టెమ్ అవునా కాదా అన్నది కోర్సు పేరు చూసి అనుకోకండి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం మీద ప్రోగ్రామ్ పేరు దగ్గర సిప్ కోడ్ అని ఆరంకెలు ఉంటాయి, చూడాల్సింది అదే. 11.0701 అని ఉంటే కంప్యూటర్ సైన్స్, 30.7102 అంటే బిజినెస్ అనలిటిక్స్, రెండూ గవర్నమెంట్ స్టెమ్ లిస్టులో ఉన్నాయి. 52.0201 అంటే మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అది లిస్టులో లేదు. ఒకే బిజినెస్ స్కూల్లో పక్కపక్క క్లాసుల్లో చదివిన ఇద్దరిలో ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి ఏడాదే రావడానికి కారణం ఈ అంకెలే. అడ్మిట్ వచ్చాక, డిపాజిట్ కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి ఈ కోడ్ ఏంటని అడిగేయండి, రెండు లైన్ల మెయిల్ అది, దాని మీద రెండేళ్ళు ఆధారపడి ఉన్నాయి.

ఇక ఓపీటీ అప్లికేషన్. ఐ-765 ఫారం, చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు వేయొచ్చు. ఐతే డీఎస్ఓ సెవిస్‌లో (విదేశీ స్టూడెంట్స్ గవర్నమెంట్ రికార్డు) రికమెండేషన్ పెట్టిన 30 రోజుల్లోపే అది యూఎస్‌సీఐఎస్‌కి (ఇమ్మిగ్రేషన్ అప్లికేషన్లు చూసే శాఖ) చేరాలి, ఈ 30 రోజుల షరతు చాలామంది చూసుకోరు, "ఇంకా 60 రోజులు ఉన్నాయి కదా" అని కూర్చుంటారు, ఫీజు పోతుంది, అప్లికేషన్ తిరస్కరిస్తారు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఓపీటీ స్టార్ట్ డేట్. చదువు ముగిశాక 60 రోజుల్లోపు ఏ తేదీ అయినా మీరే ఎంచుకోవచ్చు. ఎందుకు ముఖ్యమంటే ఓపీటీ ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, శనివారాలు ఆదివారాలు పండగలు అన్నీ కలిపే, ఆ లెక్క వర్క్ పర్మిట్ కార్డు మీద ఉన్న స్టార్ట్ డేట్ నుంచి మొదలైపోతుంది. ఒక ఉదాహరణ చూడండి. మీ ప్రోగ్రామ్ మే 15 న ముగిసింది, చేతిలో ఆఫర్ లేదు. తొందరపడి మే 16 స్టార్ట్ డేట్ పెట్టుకుంటే 90 రోజులు ఆగస్టు 13 తో అయిపోతాయి. అదే చివరి తేదీ జూలై 14 పెట్టుకుంటే అక్టోబర్ 11 దాకా వెతుక్కోవచ్చు. దాదాపు రెండు నెలల తేడా, దీనికి ఖర్చు ఏమీ లేదు, ఫారం మీద ఒక తేదీ మార్చి రాయడమే. ఆఫర్ ఉండి కంపెనీ జూన్‌లోనే జాయిన్ అవ్వమంటే అప్పుడు ముందు తేదీ పెట్టుకోండి, లేకపోతే వెనక్కి జరపండి. నాకు తెలిసి మన పిల్లలు ఎక్కువమంది ఫ్రెండ్ ఏ డేట్ పెడితే అదే పెడతారు, ఫ్రెండ్‌కి ఆఫర్ ఉంది, వీళ్ళకి లేదు, ఆ తేడా చూసుకోరు.

ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. మొదటి ఏడాది ఓపీటీలో జీతం లేని పని కూడా, వారానికి కనీసం 20 గంటలు ఉండి మీ సబ్జెక్టుకి సంబంధించినదైతే, ఉద్యోగంగానే లెక్కకొస్తుంది. మీ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, ఏదైనా నాన్-ప్రాఫిట్‌లోనో నిజంగా పని చేస్తూ ఆ వివరాలు రికార్డులో పెట్టుకుంటే 90 రోజుల లెక్క ఆగుతుంది, రెజ్యూమేలో రాసుకోవడానికీ నిజమైన పని ఉంటుంది. ఐతే స్టెమ్ పొడిగింపులో ఇది కుదరదు, అక్కడ జీతం ఉండాల్సిందే.

స్టెమ్ పొడిగింపుకి షరతులు కూడా ఎక్కువే. ఉద్యోగులకి పని పర్మిషన్ ఉందో లేదో సరిచూసే గవర్నమెంట్ సిస్టమ్ ఈ-వెరిఫైలో కంపెనీ రిజిస్టర్ అయి ఉండాలి, లేకపోతే ఎంత పెద్ద జీతం ఇచ్చినా పనికిరాదు. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీరూ కంపెనీ కలిసి నింపి సంతకాలు పెట్టాలి, అందులో మీకు పని నేర్పేది ఎవరు, ఏం నేర్పుతారు, అది మీ డిగ్రీకి ఎలా సంబంధం, జీతం ఎంత అన్నీ రాయాలి. 12 నెలలకి ఒకసారి, చివర్లో ఒకసారి ఎవాల్యుయేషన్, ప్రతి ఆరు నెలలకీ వివరాలు కన్ఫర్మ్ చేయాలి, అడ్రస్ మారినా ఉద్యోగం మారినా 10 రోజుల్లో చెప్పాలి. నిరుద్యోగం రోజులకి ఇంకో 60 కలిసి మొత్తం 150 అవుతాయి, అంటే మొదటి ఏడాదిలో 85 వాడేసుకుంటే మిగిలిన రెండేళ్ళకీ కలిపి 65 మాత్రమే. లేఆఫ్ వచ్చినప్పుడు ఈ 65 ఎంత త్వరగా కరిగిపోతాయో అనుభవించినవాళ్ళకి తెలుసు.

సరిగ్గా ఇక్కడే, ఉద్యోగం లేని 90 రోజుల లెక్కలో 70వ రోజో 80వ రోజో నడుస్తున్నప్పుడు ఫోన్ వస్తుంది. ఇండియాలో అడ్మిషన్లు చేసే కన్సల్టెన్సీ వేరు, ఇది అమెరికాలో ఉండే ఐటీ కన్సల్టెన్సీ. "ఆఫర్ లెటర్ ఇస్తాం, రోజులు ఆగిపోతాయి, రెండు వారాలు ట్రైనింగ్, తర్వాత నీ రెజ్యూమే మార్కెటింగ్ మేమే చూసుకుంటాం, ప్రాజెక్ట్ వచ్చాక 80-20, 80 శాతం నీకు, 20 మాకు." వినడానికి ప్రాణం లేచొస్తుంది. తర్వాత జరిగేది చెప్తా. నిన్న మొన్న చదువు అయిపోయిన పిల్లాడి రెజ్యూమేలో ఏడెనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడతారు, ఇంటర్వ్యూకి అతని బదులు ప్రాక్సీ కూర్చుంటాడు, ప్రాజెక్ట్ వచ్చేదాకా బెంచ్ మీద జీతం ఉండదు కానీ సెవిస్‌లో మాత్రం ఉద్యోగం చేస్తున్నట్టు ఉంటుంది. అన్ని కన్సల్టెన్సీలూ ఇలాంటివే అని నేను అనను, పద్ధతిగా జీతం ఇచ్చి, క్లయింట్ దగ్గర నిజంగా పని చేయించి, హెచ్1బీ కూడా సొంత ఖర్చుతో చేసేవాళ్ళు ఉన్నారు. కానీ జీతం లేని ఆఫర్ లెటర్ అన్నది మీ పేరు మీద గవర్నమెంట్ రికార్డులో ఉండిపోయే అబద్ధం. అది బయటపడేది ఆ నెలలో కాదు, మూడేళ్ళ తర్వాత హెచ్1బీ పిటిషన్‌లో పే స్టబ్‌లు అడిగినప్పుడు, స్టాంపింగ్‌కి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో నిలబడినప్పుడు, ఇంకా ఆ తర్వాత గ్రీన్ కార్డు ఫైల్ తెరిచినప్పుడు. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేల్చితే అమెరికాలో అడుగు పెట్టకుండా శాశ్వతంగా బ్యాన్ పడొచ్చు, ఆ కన్సల్టెన్సీ అప్పటికి పేరు మార్చుకుని ఇంకో ఊర్లో ఉంటుంది, శిక్ష పడేది మాత్రం పిల్లాడికి. నాకు నిజంగా బాధ కలిగేది ఇదే.

అలాగే మొదటి రోజు నుంచే పని అని ఊరించే సీపీటీ (చదువుతుండగానే పని చేసుకునే పర్మిషన్) కాలేజీలు. 2011 లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు మన తెలుగు పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. 2019 లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని తేలింది, అది అసలు ఇమ్మిగ్రేషన్ అధికారులే పెట్టిన నకిలీ యూనివర్సిటీ, దొరికినవాళ్ళలో ఎక్కువమంది మన వాళ్ళే. సీపీటీ అన్నది చట్టంలో ఉన్నదే, కోర్సులో భాగంగా ఇంటర్న్‌షిప్ చేయడానికి, కానీ ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేసేస్తే ఆ డిగ్రీకి ఇంక ఓపీటీ ఉండదు. ఒక్క రోజు తక్కువ ఉన్నా ఓపీటీ ఉంటుంది కాబట్టి ఇంటర్న్‌షిప్ పొడిగించేటప్పుడు క్యాలెండర్ చూసుకోండి.

ఇప్పుడు హెచ్1బీ. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000, అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటే లాటరీ. కంపెనీ మార్చిలో రిజిస్టర్ చేస్తుంది, నెలాఖరుకి ఫలితం తెలుస్తుంది, ఏప్రిల్ నుంచి పిటిషన్ వేస్తారు, ఉద్యోగం హెచ్1బీ మీద మొదలయ్యేది అక్టోబర్ 1 న. కొన్నేళ్ళ కింద ఒకే మనిషి పేరు మీద ఐదారు కన్సల్టెన్సీలు రిజిస్టర్ చేసేవి, 2023 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లే 7,58,994 కి వెళ్ళాయి. 2024 నుంచి పాస్‌పోర్టు ఆధారంగా మనిషికి ఒకే అవకాశం అని మార్చాక ఆ వరద తగ్గింది, 2025 మార్చిలో 3,43,981 వస్తే 1,20,141 ఎంపికయ్యాయి, మూడింటిలో ఒకటి కంటే కొంచెం ఎక్కువ.

ఐతే 2026 నుంచి లాటరీ స్వభావమే మారింది. ఇప్పుడు జీతం లెవల్‌ని బట్టి అవకాశాలు. మీ ఉద్యోగం పేరు, పని చేసే ఏరియా, ఇచ్చే జీతం చూసి లేబర్ డిపార్ట్‌మెంట్ పట్టికలో మీరు నాలుగు లెవల్స్‌లో ఎక్కడ పడతారో చూస్తారు. లెవల్ 4 అయితే పేరు నాలుగుసార్లు వేస్తారు, లెవల్ 3 మూడుసార్లు, లెవల్ 2 రెండుసార్లు, లెవల్ 1 ఒక్కసారే. ఫ్రెషర్స్ సహజంగా పడేది లెవల్ 1 లోనో 2 లోనో. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ సొంత అంచనా ప్రకారమే లెవల్ 1 వాళ్ళ అవకాశం సుమారు సగానికి పడిపోయి 15 శాతం దగ్గరికి వస్తుంది, లెవల్ 4 వాళ్ళది 60 శాతం దాటుతుంది.

దీన్ని కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఇక్కడ మీరు చేయగలిగింది ఉంది. లెవల్ అన్నది ఏరియాని బట్టి మారుతుంది, శాన్‌హోజేలో లెవల్ 1 కి కూడా సరిపోని జీతం ఒక చిన్న ఊర్లో లెవల్ 2 దాటొచ్చు. రెండు ఆఫర్లు ఉన్నప్పుడు పెద్ద అంకె చూసి పరిగెత్తకుండా ఏ ఊర్లో ఏ లెవల్ అవుతుందో పట్టికలో చూసుకోండి, అది అందరూ చూడగలిగేలా ఆన్‌లైన్‌లోనే ఉంది. ఇంకోటి, ఒకటికంటే ఎక్కువ కంపెనీలు మీ పేరు రిజిస్టర్ చేస్తే వాటిలో తక్కువ లెవల్ ఏదో అదే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మంచి కంపెనీ లెవల్ 2 తో వేసినప్పుడు "బ్యాకప్ ఉంటుందిలే" అని ఒక కన్సల్టెన్సీతో లెవల్ 1 లో వేయిస్తే మీ రెండు చీటీలని మీరే ఒకటి చేసుకున్నట్టు. ఇక ఫైలింగ్ ఖర్చు నువ్వే పెట్టుకో అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి, హెచ్1బీ ఫీజులు కంపెనీ భరించాల్సినవి.

ఎన్నిసార్లు లాటరీ దొరుకుతుందన్నది కూడా తేదీల లెక్కే. 2026 మేలో చదువు ముగిసి, జూలై 1 న ఓపీటీ మొదలైందనుకుందాం. స్టెమ్ కలుపుకుని 2029 జూన్ 30 దాకా. మధ్యలో 2027, 2028, 2029 మార్చిలు, మూడు అవకాశాలు. స్టెమ్ కాకపోతే 2027 మార్చి ఒక్కటే. చివరి మార్చిలో ఎంపికై, ఓపీటీ ముగిసేలోపు స్టేటస్ మార్పుతో పిటిషన్ పడితే క్యాప్-గ్యాప్ అని పని చేసుకోవడం కొనసాగుతుంది, 2025 జనవరి నుంచి దాని గరిష్ఠ గడువు మరుసటి ఏడాది ఏప్రిల్ 1 దాకా పెంచారు. ఇంకో చిన్న విషయం, నాలుగేళ్ళ బీటెక్ మామూలు 65,000 కోటాకి సరిపోతుంది కాబట్టి చదువు ముగిసే ముందు మార్చిలోనే ఆఫర్ చేతిలో ఉండి కంపెనీ ఒప్పుకుంటే అప్పుడే ఒక అవకాశం వేసుకోవచ్చు. అడగకపోతే హెచ్‌ఆర్ వాళ్ళకి గుర్తు రాదు.

2025 సెప్టెంబర్ 19 న హెచ్1బీ పిటిషన్‌కి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చినప్పుడు మన ఊళ్ళల్లో ఎంత భయపడ్డారో గుర్తుంది, ఇండియా వచ్చినవాళ్ళు ఎయిర్‌పోర్టులకి పరిగెత్తారు. సెప్టెంబర్ 21 నుంచి 12 నెలలకి పెట్టిన ఆ నియమం కొత్త పిటిషన్ల మీద. తర్వాత అక్టోబర్ 20 న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికాలోనే ఉండి ఎఫ్1 నుంచి హెచ్1బీకి స్టేటస్ మార్చుకునేవాళ్ళకి ఆ డబ్బు వర్తించదు. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. పిటిషన్ ఇంకా తేలకముందు మీరు దేశం దాటితే స్టేటస్ మార్పు రిక్వెస్ట్ వదిలేసినట్టే, అప్పుడు లక్ష డాలర్లు మీ కంపెనీ నెత్తిన పడతాయి, ఏ కంపెనీ కడుతుంది? అక్క పెళ్ళి అనో, అమ్మకి బాలేదనో ఆ నెలల్లో టికెట్ బుక్ చేసేముందు కంపెనీ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. ఇంట్లోవాళ్ళు కూడా "వారం రోజులేగా, వచ్చి పో" అని పట్టుబట్టకండి.

జీతం స్లిప్పు గురించి ఒక మాట, దారి తప్పినా చెప్పాలి. ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండకూడదు, ఇవి రెండూ కలిపి 7.65 శాతం. చాలా కంపెనీల పేరోల్ వాళ్ళు తెలియక కోసేస్తారు. చూసుకుని అడిగితే వెనక్కి ఇస్తారు.

లాటరీ మూడుసార్లూ తగలకపోతే? దారులు లేకపోలేదు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లాంటి నాన్-ప్రాఫిట్ సంస్థలు, నాన్-ప్రాఫిట్ లేదా ప్రభుత్వ రీసెర్చ్ సంస్థలు ఈ కోటా కిందకి రావు, ఎప్పుడైనా హెచ్1బీ వేయొచ్చు, లాటరీ లేదు. జీతం కొంచెం తక్కువ ఉంటుంది కాబట్టి మన వాళ్ళు అటు చూడరు, డేటా, ఐటీ పనులు అక్కడా ఉంటాయి. రెండో మాస్టర్స్ చేస్తే మళ్ళీ ఓపీటీ రాదు, అదే స్థాయి డిగ్రీకి ఒక్కసారే, పీహెచ్‌డీ అయితే వస్తుంది. ఇంకా మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే అక్కడికి ట్రాన్స్‌ఫర్ అడగండి, ఒక ఏడాది పని చేశాక ఎల్1 (కంపెనీలోపలి బదిలీకి ఇచ్చే వీసా) మీద వెనక్కి పంపే వీలుంది, దానికి కోటా లేదు. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ళందరికీ గచ్చిబౌలి చుట్టుపక్కలే పెద్ద ఆఫీసులు ఉన్న ఈ రోజుల్లో ఇది ఊహ కాదు, నిజంగా జరుగుతున్నదే. ఉద్యోగం వెతికేటప్పుడే ఆ కంపెనీకి ఇండియాలో ఆఫీసు ఉందా అని చూసుకోవడం మంచిది.

చివరిగా లోన్. 40 లక్షలు, 11 శాతం, పదేళ్ళు అనుకుంటే ఈఎంఐ నెలకి 55 వేలు, చదివే రోజుల్లో పెరిగిన వడ్డీ కలపకుండానే. డాలర్ జీతంలో అది పెద్ద భారం కాదు. కానీ ఓపీటీలోనే ఇబ్బంది వచ్చి ఏడాదిలో తిరిగొచ్చి ఇక్కడ సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌గా చేరితే చేతికొచ్చే జీతం ఆ ఈఎంఐలో సగం. పిల్లలు అక్కడ తప్పుడు ఆఫర్ లెటర్లకి ఎందుకు ఒప్పుకుంటారో దీన్ని చూస్తేనే అర్థమవుతుంది, ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయన్న భయం. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని రెండు లెక్కలు వేయండి, ఒకటి మూడేళ్ళు అక్కడ ఉంటే ఎంత తీరుతుంది, ఇంకోటి ఏడాదికే వెనక్కొస్తే ఎవరు ఎలా కడతారు. రెండో లెక్కకి జవాబు దొరకకపోతే తక్కువ ఫీజు ఉన్న స్టేట్ యూనివర్సిటీ, అసిస్టెంట్‌షిప్ దొరికే డిపార్ట్‌మెంట్, లేదా ఇక్కడే రెండేళ్ళు పని చేసి కొంత డబ్బు, కొంత నిజమైన ఎక్స్‌పీరియన్స్ చేతిలో పెట్టుకుని వెళ్ళడం, ఈ మూడిట్లో ఏది కుదురుతుందో చూడండి. ఆ రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఇప్పుడున్న పద్ధతిలో లెవల్ 1 నుంచి లెవల్ 2 కి ఎక్కడానికి కూడా పనికొస్తుంది.